మంచులో నీళ్ళాయన

చెక్క పలక కోయించాలి, రెండడుగులకు అడుగున్నర.
థర్మాకోల్ పొరలు అతికించి కొండ చెక్కాలి.
ఎనిమిది మంది సైనికుల్ని చట్రంలోంచి కత్తిరించి, అంచులు గీకి, అతికించాలి.
ఇసుక బస్తాలు అరవై. (మైనంతోనా, మట్టితోనా? చూడాలి.)
రేకుల గుడిసె, పొగగొట్టం.
రంగులు.
మంచు. అన్నిటికన్నా ఆఖర్న.
శుక్రవారంలోగా డాక్టరు గారికి పై పళ్ళ సెట్లు మూడు, కింది సెట్టు ఒకటి.
భోజనాల బల్ల గురించి ఇంట్లో మాట్లాడాలి.

ఈ జాబితాను పళ్ళ ల్యాబులో ఆర్డరు చీటీ వెనక రాసుకున్నవాడు అల్లుడు. కట్టుడు పళ్ళు చేయడం అతని వృత్తి. ఊళ్ళో సగం మంది నోళ్ళలో పళ్ళు పెట్టాడు గానీ తన నోట్లో మాత్రం నాలుక లేదని భార్య దెప్పుతూ ఉంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. ఎవరేది అడిగినా "సరే" అనడమే తప్ప ఇంకో మాట అతనికి చేతకాదు. మామగారు అడిగినప్పుడూ అదే అన్నాడు.

మామగారు మాజీ సైనికుడు. నలభై ఏళ్ళ కిందట ఒక చలికాలమంతా, మంచు కొండ మీద ఒక రేకుల గుడిసెలో మరో ఏడుగురితో కలిసి కాపలా కాశాడు. అప్పట్లో కొండల మీద పనిచేసిన పాత సైనికులంతా మూడు వారాల్లో తమ సంఘం హాల్లో కలుసుకోబోతున్నారు. ఎవరి దగ్గరున్న ఫొటోలు, వస్తువులు వాళ్ళు తెచ్చి బల్లల మీద పెట్టాలని సంఘం కార్యదర్శి కబురు చేశాడు. మామగారి దగ్గర ఒక్క ఫొటో కూడా లేదు. అందుకే కూతురింటికి వచ్చి, చేతిలో సంచీ ఇంకా కింద పెట్టకుండానే అడిగాడు.

"ఏమయ్యా అల్లుడూ, ఇంతింత పళ్ళ మీద గీతలు కూడా దిద్దుతావు. మా కాపలా పోస్టు బొమ్మ ఒక్కటి చేసిపెట్టలేవూ?"

"సరే మామయ్యా."

"ముందు నన్ను మంచినీళ్ళు ఇవ్వనివ్వండి, తర్వాత యుద్ధం చేద్దురుగాని," అంది కూతురు లోపలి నుంచి.

అల్లుడు అంతవరకు బొమ్మ నమూనా ఒక్కటీ చేసి ఎరగడు. బొమ్మల దుకాణంలో చలికోట్లు తొడుక్కున్న సైనికుల పెట్టె దొరికింది. మనిషిలో ముప్పై అయిదో వంతు, అంటే చూపుడువేలిలో రెండు కణుపులంత. చేతులు, కాళ్ళు, తలలు, తుపాకులు అన్నీ విడివిడిగా చట్రానికి కాయల్లా వేలాడుతున్నాయి. పళ్ళ పనికి వాడే సన్నపు కత్తులు, మైనం చెంచాలు, చిన్న డ్రిల్లు ఇంటికి తెచ్చుకున్నాడు. భోజనాల బల్ల కొండ పాలైంది. ఇంటిల్లిపాదీ ఒళ్ళో కంచాలు పెట్టుకుని తినడం మొదలుపెట్టారు.

పొద్దున్నే ల్యాబుకు వెళ్ళే ముందు గంట, సాయంత్రం వచ్చాక గంట, ఆదివారం రోజంతా. అల్లుడు వంగి పని చేస్తుంటే మామగారు కాలుగాలిన పిల్లిలా హాల్లోంచి వరండాకీ, వరండాలోంచి హాల్లోకీ తిరిగేవాడు. వచ్చి చూడటం, ఏదో చెప్పబోవడం, మానుకుని మళ్ళీ వెళ్ళిపోవడం.

"నాన్నా, కాసేపు కూర్చోవూ? నేల అరిగిపోతోంది."

"కూర్చుంటే ఏం తోస్తుందే?"

ఆ తిరుగుడు చూసి చూసి అల్లుడికీ అంటుకుంది. ల్యాబులో పళ్ళు అరగదీస్తున్నా మనసు ఇసుక బస్తాల మీదే ఉండేది. ఒకరోజు కోరపన్ను పొట్టిగా అరగ్గొట్టేశాడు. ల్యాబు యజమాని దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "ఏంటి బాబూ, ఈ పేషెంటు కోరలు పీకేసిన పామా?" అన్నాడు. అల్లుడు "సరే" అని మళ్ళీ మొదటి నుంచి చేశాడు.

మొదటి ఆదివారానికి ఎనిమిది మంది తయారయ్యారు. బూట్లకు నిగనిగలాడే నలుపు వేసి, అందర్నీ గుడిసె ముందు వరసగా నిలబెట్టాడు. ఎక్కడికైనా తీసుకెళ్ళేటప్పుడు ఊడదీసుకోవచ్చని ఒక్కొక్కరి కాలి కింద చిన్న సూది గుచ్చాడు. మామగారు వచ్చి కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఇది పోస్టా, బడిపిల్లల గ్రూపు ఫొటోనా? ఆ కొండ మీద అలా నిలబడితే అరగంటలో అందరం కట్టెలమే. ఒకడే బయట. మిగతావాళ్ళు గోడ చాటున, పొగగొట్టం పక్కన. బూట్లు అంత మెరిస్తే మంచుకే సిగ్గేస్తుందయ్యా."

బూట్లకు బూడిదరంగు పడింది. ముగ్గురు గుడిసె చాటుకు వెళ్ళారు. తర్వాత మంచు. సన్నగా తెల్లగా ఉంటుందని అల్లుడు వంటింట్లో సోడా పొడి డబ్బా పట్టుకొచ్చి, జిగురు పూసి, జల్లెడతో చల్లాడు. ఎంత అందంగా పడిందంటే, మామగారు కూడా ఒక క్షణం నడక ఆపాడు. నాలుగో రోజు పొద్దున కాఫీ గ్లాసులతో వచ్చిన భార్య కొండ వంక చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏవండీ, మీ మంచుకు పచ్చకామెర్లు వచ్చాయి."

నిజమే. జిగురూ సోడా కలిసి కొండంతా పసుపెక్కింది. గోటితో తాకితే పెచ్చులూడింది. ఉన్న మూడు వారాల్లో సగం అయిపోయింది. అల్లుడు ఆ మంచంతా గీకేసి, తనకు తెలిసిన విద్యకే వచ్చాడు. పళ్ళ అచ్చులు పోసే ప్లాస్టర్‌ను మెత్తగా కలిపి కుంచెతో పరిచాడు. తెలుపంటే ఒకటే తెలుపు కాదని పళ్ళు చేసేవాడికి వేరే చెప్పాలా? రోగి పంటికి సరిపోయే రంగు ఎంచడానికి వాడే పదహారు పళ్ళ పట్టీ తెచ్చి కొండ పక్కన పెట్టుకున్నాడు. ఎండ పడేచోట ఒక తెలుపు, నీడలో చిటికెడు నీలం కలిపిన తెలుపు, పొగగొట్టం చుట్టూ మసి.

"గాలి ఎటు నుంచి వచ్చేది మామయ్యా?"

ఆ ప్రశ్నకు మామగారు ఆశ్చర్యపోయి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇల్లంతా అది గమనించింది.

"ఎడమ నుంచి. ఎప్పుడూ ఎడమే. మంచు కుడివైపు గోడకు పేరుకునేది, తలుపు సగం వరకు. ఇటువైపు రాయి బయటికే కనిపించేది."

అల్లుడు కుడివైపు ప్లాస్టర్ ఎత్తు చేశాడు. తడి ఆరకముందే అగ్గిపుల్ల చెక్కి చేసుకున్న చిన్న పాదంతో కొండంతా అడుగుజాడలు వేయడం మొదలుపెట్టాడు. ఎనిమిది మంది ఉన్నచోట ఎన్ని అడుగులుండవు? గుడిసె చుట్టూ, బస్తాల వెంట, గట్టు మీద. మామగారు చటుక్కున అతని మణికట్టు పట్టుకున్నాడు.

"అన్ని అడుగులెక్కడివయ్యా?"

"నడుస్తారు కదా మామయ్యా?"

"ఎవరు నడిచారు? తుఫాను పట్టిందంటే వారాల తరబడి బయటికి రాలేదు మేం. నడిచింది ఒక్కడే." లేచి వరండాలోకి వెళ్ళి, మళ్ళీ వచ్చాడు. "నీళ్ళాయన."

అలా బయటపడింది, పది రోజులుగా నోటిదాకా వచ్చి ఆగిపోతున్న మాట. ఆ పోస్టులో ఎనిమిది మంది సైనికులతో పాటు ఒక కూలి మనిషి ఉండేవాడు. కొండ కిందనుంచి సామాను మోయడానికి వచ్చి, చలికాలం దారి మూసుకుపోతే అక్కడే ఉండిపోయాడు. గుడిసె దగ్గరి మంచు నిండా మసీ, కిరసనాయిలు. అది తాగడానికి పనికిరాదు. అందుకని కావడికి రెండు రేకు డబ్బాలు కట్టుకుని గట్టు అవతలికి పోయి శుభ్రమైన మంచు తెచ్చి, పొయ్యి మీద కరిగించేవాడు. రోజుకు నాలుగు సార్లు. నూట పది రోజులు వాళ్ళు తాగిన ప్రతి చుక్కా అతను మోసిందే.

"గాలి ఎక్కువైతే నడుముకు తాడు కట్టి, ఇవతలి కొస ఒకరు పట్టుకోవాలి. అది రూలు. ఇంక కిందికి దిగుతామనగా ఒకరోజు ఎవరూ పట్టుకోలేదు. ఆయన తిరిగి రాలేదు. మంచు కరిగాకే దొరికాడు." మామగారు గోడ వైపు తిరిగి మాట్లాడుతున్నాడు. "హాల్లో బోర్డు మీద అందరి పేర్లూ ఉన్నాయయ్యా. ఆయనది లేదు. సైనికుడు కాదుగా. ఈ బొమ్మలోనన్నా ఉండాలి."

"సరే మామయ్యా. పేరేంటి?"

మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నీళ్ళాయన అనేవాళ్ళం. పేరు... అడగలేదు."

పెట్టెలో ఉన్నవాళ్ళందరూ తుపాకులు పట్టుకున్నవాళ్ళే. కావడి మోసేవాణ్ణి ఏ కంపెనీ పోత పోస్తుంది? అల్లుడు మైనంతో మనిషిని మలిచి, అచ్చు తీసి, ల్యాబులో చిగుళ్ళకు వాడే గులాబీరంగు ముడిసరుకుతో పోశాడు. ఇంకా రంగు వేయని ఆ మనిషి గులాబీగా, చలికి ఒంటి మీద బట్టల్లేని చంటివాడిలా ఉన్నాడు. భార్య పోస్టాఫీసులో డ్యూటీ ముగించుకుని వచ్చి చూసి, ఈసారి జోకు వేయలేదు. పాత గోనెసంచిలోంచి ఒక పోగు లాగి, "తల మీద కప్పుకోడానికి," అని ఇచ్చింది.

"పొడుగా, పొట్టా మామయ్యా?"

"వంగే ఉండేవాడు. ఎలా చెప్పను? చేతులు మాత్రం గుర్తున్నాయి, వేళ్ళ కణుపులు పగిలి ఎర్రగా."

"ముఖం?"

"గుడ్డ చుట్టుకునేవాడు. చుట్టుకోనప్పుడు కూడా నేను చూడలేదనుకుంటా," అన్నాడు.

అల్లుడు ముఖం కిందికి దించి చేశాడు. గుడిసె నుంచి గట్టుదాకా ఒకే ఒక్క బాట, అదీ లోతుగా. మిగతా మంచంతా కొత్త ప్లాస్టర్ పూసి సాపు చేశాడు. ఆ తర్వాత జాబితాలో లేని పని ఒకటి చేశాడు, ఎవరికీ చెప్పకుండా.

సభ రోజు మామగారు తెల్లారకముందే తయారై, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆటోలో కొండను ముగ్గురూ ఒళ్ళో పెట్టుకుని వెళ్ళారు. హాల్లో కార్యదర్శి అప్పటికే ప్రతి బల్ల మీదా ముద్రించిన కార్డు పెట్టి ఉంచాడు. వీళ్ళ బల్ల మీది కార్డులో "ఎనిమిది మంది, నూట పది రోజులు" అని ఉంది. ఆయన సైనికుల్ని వేలితో లెక్కపెట్టుకుంటూ వచ్చి గట్టు దగ్గర ఆగాడు.

"ఈ తొమ్మిదో ఆయనెవరు?"

"నీళ్ళాయన," అన్నాడు మామగారు.

"మన రిజిస్టర్లో ఎనిమిదేగా ఉంది. ఏమనుకోకండి, రికార్డు ప్రకారం పోవాలి. బాబూ, ఆ ఒక్కటీ తీసేద్దురూ."

అందరూ అల్లుడి "సరే" కోసం చూశారు. అది రాలేదు.

"రాదండీ."

"అదేంటి?" కార్యదర్శి పక్క సైనికుణ్ణి లాగి చూశాడు. "మిగతావి ఊడొస్తున్నాయిగా?"

"వాళ్ళ కాళ్ళ కింద సూదులున్నాయండీ. ఈయన్ని ప్లాస్టర్ తడిగా ఉన్నప్పుడే మోకాళ్ళదాకా దించేశాను. లాగితే కొండ పగులుతుంది."

"ఎందుకలా చేశారు?"

"తియ్యకూడదనే చేశానండీ," అన్నాడు అల్లుడు. భార్య అతని మోచెయ్యి పట్టుకుంది.

ముసలివాళ్ళు ఒక్కొక్కరే బల్ల చుట్టూ చేరారు. పోస్టులో వైర్‌లెస్ పని చూసినాయన వంగి, చాలాసేపు ఆ ఒక్క బాట వెంటే చూపు నడిపించాడు. మామగారు అటు రెండడుగులు, ఇటు రెండడుగులు వేసి ఆగాడు.

"ఆ రోజు తాడు పట్టుకోవాల్సినవాణ్ణి నేను," అన్నాడు. "ఒక్క నిమిషం, బూట్లు కట్టుకుని వస్తానన్నాను. నిజానికి బూట్లు కట్టుకునే ఉన్నాయి. బయటికి పోవాలనిపించలేదు. మనకు నీళ్ళు లేవని ఆయన ఆగలేదు."

వైర్‌లెస్ ఆయన తల ఎత్తకుండానే మాట్లాడాడు.

"నువ్వొక్కడివేంట్రా? మిగతా ఏడుగురం ఏం చేస్తున్నాం? దుప్పట్లో పడుకుని నీళ్ళేవీ అని అరుస్తున్నాం."

ఇంకొకాయన, నీళ్ళాయనకు ఎడమచేతి వాటమన్నాడు. మరొకాయన, కాదు కుడే అన్నాడు. ఒక కూతురుందని ఒకరు, ఇద్దరు కొడుకులని ఇంకొకరు. కార్యదర్శి అంతా విని, జేబులోంచి పెన్ను తీశాడు. మంచివాడే పాపం. కార్డులో "ఎనిమిది" కొట్టేసి "తొమ్మిది" అని రాసి, దాని కింద పెన్ను ఆనించి పట్టుకున్నాడు.

"పేరు చెప్పండి, రాస్తాను. కమిటీలో పెట్టి బోర్డు మీదికి కూడా ఎక్కిస్తాను. ఏం పేరు?"

నూట పది రోజులు అతని చేతి నీళ్ళు తాగినవాళ్ళలో ఆ హాల్లో ఉన్నవాళ్ళు నలుగురు. నలుగురిలో ఒక్కరికీ తెలియదు. పెన్ను అలా ఆగి, కాగితం మీద చుక్కలా సిరా దిగింది.

తిరుగు ప్రయాణంలో మామగారు ఆటోలో కుదురుగా కూర్చోలేదు. "ఊరన్నా అడగాల్సింది," అన్నాడు. కాసేపటికి, "కొండ కిందనున్న ఆఫీసులో కూలీల పుస్తకం ఉండేది. అది ఎవరి దగ్గరుందో?" అన్నాడు. మర్నాడు పొద్దున అల్లుడు ఇంకో ఆర్డరు చీటీ వెనక్కి తిప్పి, ఉత్తరం రాయాల్సిన ఆఫీసుల పేర్లు మామగారు చెబుతుంటే రాసుకున్నాడు. జవాబులు ఇంకా రాలేదు. మామగారు ఇప్పటికీ పోస్టు వచ్చే వేళకు వరండాలో తిరుగుతూనే ఉంటాడు.

చదివినవారికి ఒక మనవి. ఆయన వంగి నడిచేవాడు. వేళ్ళ కణుపులు పగిలి ఉండేవి. తల మీద గోనె, భుజం మీద కావడి, రెండు రేకు డబ్బాలు. తాడు పట్టుకునే మనిషి రాకపోయినా, ఎనిమిది మంది దాహం తీర్చడానికి వెళ్ళాడు. పేరు దొరికేదాకా, దొరకకపోయినా సరే, ఆ నీళ్ళాయన్ని గుర్తుంచుకోండి.