హెక్టర్ చెప్పిన జవాబు

"ప్యాంటు వేసుకుంటాను," అన్నాడు హెక్టర్, టోస్టు మీద వెన్న రాస్తూ. "ఆ బూడిదరంగుది ఉందిగా."

పెళ్లి మూడు వారాల్లోకి వచ్చేసింది. మా అమ్మాయి ఇష్బెల్ టీ కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడుకి పిల్లి లేచి వెళ్లిపోయింది.

"నా పెళ్లికి ప్యాంటా? పక్కింటాయన అంత్యక్రియలకి కూడా కిల్ట్ కట్టావు కదా నాన్నా!"

"మోకాళ్లకి చలి."

"మంచులో బ్యాగ్‌పైపులు ఊదిన మోకాళ్లకి సెప్టెంబరులో చలా?"

హెక్టర్ టోస్టు కొరికాడు. నేను గిన్నెలు కడిగే నెపంతో వాళ్లకి వీపు తిప్పాను. అసలు సంగతి నాకు తెలుసు. చెప్పనని మాటిచ్చి ఉన్నాను.

వసంతంలో అతనికి ప్రోస్టేట్ ఆపరేషన్ అయింది. ప్రాణానికి భయం లేదన్నారు. కానీ దగ్గినా, నవ్వినా, బరువెత్తినా కాస్త తడిసిపోతుంది. అందుకని ప్యాడ్ కుట్టి ఉన్న డ్రాయర్లు వేసుకుంటున్నాడు. వాటిని నేను పెరట్లో తీగ మీద కాకుండా వెనక గదిలో ఆరేస్తున్నాను. స్కాట్లండులో మాది చిన్న ఊరు, ఈ అబర్‌ఫెల్డీలో ఎవరింటి తీగ మీద ఏం ఆరుతోందో ఊరందరికీ తెలుస్తుంది.

ఇంకొక మగాడైతే ఇంత కుంగిపోయేవాడు కాదు. హెక్టర్ ఇరవై ఏళ్లు మా ఊరి బ్యాగ్‌పైపు బ్యాండుని ముందుండి నడిపిన పైప్ మేజర్. మోకాళ్లదాకా నడుముకి చుట్టుకునే ఆ ఉన్ని కిల్ట్ కింద ఏమీ తొడుక్కోకూడదన్నది అతని శాసనం. ఎవరిమీదైనా అనుమానం వస్తే వరసలో ఆపి, "ఏరా, చలేస్తుందని మీ అమ్మ తొడిగి పంపిందా?" అని పదిమందిలో అడిగేవాడు. దొరికినవాడు ఆ సాయంత్రం అందరికీ విస్కీ పోయించాలి. డ్రమ్ము వాయించే డూగల్ ఎన్నిసార్లు పోయించాడో లెక్కే లేదు. ఆ బ్యాండే ఇప్పుడు చర్చి గుమ్మం దగ్గర రెండు వరసలుగా నిలబడబోతోంది.

"వాళ్ల మధ్యలోంచి దొంగలా నడవమంటావా?" అన్నాడు నాతో. "ఎవడో ఒకడు అడగకుండా ఉండడు. అబద్ధమాడేకన్నా ప్యాంటు నయం."

"పిల్లకైనా చెప్పు."

"చస్తే చెప్పను. నువ్వూ చెప్పకు, ఎఫీ."

మేం చెప్పకపోతే ఇష్బెల్ తనే ఒక కారణం వెతుక్కుంది. పెళ్లికొడుకు టోబీ ఇంగ్లండువాడు, కెంట్ నుంచి వచ్చినవాడు.

"ఇంగ్లీషువాణ్ని చేసుకుంటున్నానని నాన్నకి లోపల ఉంది," అంది ఒకరోజు నాతో కలిసి దుప్పటి మడతపెడుతూ. "నోటితో అనలేక ఇలా చూపిస్తున్నాడు."

"కాదే పిచ్చిదానా."

"మరేంటో చెప్పు."

నేను దుప్పటి అంచులు కలపసాగాను. తన వైపు కొసలు నా చేతుల్లో పెట్టి మేడ మీదికి వెళ్లిపోయింది.

ఆ ఆదివారం టోబీ భోజనానికి వచ్చాడు. అద్దెకు తెచ్చుకున్న కిల్ట్ సంచిలో ఉంది. హెక్టర్ గొర్రె తొడ కోసి అందరికీ వడ్డిస్తున్నాడు. టోబీ రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"హెక్టర్ గారూ, మిమ్మల్ని ఒకటి అడగాలి. ఇది కట్టుకున్నప్పుడు లోపల... వేసుకోవాలా, వద్దా? షాపువాళ్లు తప్పకుండా వేసుకోమన్నారు. ఆఫీసులో వాళ్లు, వేసుకుంటే పరువు పోతుందన్నారు. మీరెలా అంటే అలా."

"ఆయన్నెందుకు అడుగుతావు?" అంది ఇష్బెల్. "నాన్న ప్యాంటు మనిషి అయిపోయాడు. నీలాంటి ఇంగ్లీషువాడి పెళ్లికి కిల్ట్ ఎందుకు దండగ అనుకున్నాడు."

టోబీ చెవులు ఎర్రబడ్డాయి. హెక్టర్ చేతిలో కత్తి ఆగిపోయింది.

"అలా అనుకున్నావా?"

"ఇంకెలా అనుకోను?"

అతను కూతురి వైపు చూశాడు, తర్వాత ఆ అబ్బాయి వైపు. ఈ ప్రశ్నకి హెక్టర్ దగ్గర ఒక పాత జవాబుంది. ఎన్నో పెళ్లిళ్లలో విన్నాను. అది విన్న ఆడవాళ్లు కెవ్వుమని నవ్వేవారు. అదే చెప్తాడనుకున్నాను. అతను కత్తి కింద పెట్టాడు.

"వేసుకో, అబ్బాయ్. నేనూ వేసుకుంటున్నాను."

"ఏంటి?" అంది ఇష్బెల్.

"డ్రాయరు. అదీ మామూలుది కాదు, ప్యాడ్ ఉన్నది. ఆపరేషనైన దగ్గర్నుంచి పాత కుళాయిలా కారుతున్నాను. ఆ బ్యాండు ముందు అలా నిలబడలేక ప్యాంటన్నాను. నీ మొగుడు ఏ ఊరివాడైతే నాకేంటే? కడుపునిండా తింటాడు, తిన్న గిన్నెలు తోముతాడు, నిన్ను నవ్విస్తాడు. నాకు నచ్చాడు."

ఇష్బెల్ కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. వెళ్లి వెనకనుంచి తండ్రి మెడ చుట్టూ చేతులు వేసింది.

"నీ అంత మొండి ముసలాణ్ని ఎక్కడా చూడలేదు."

"మీ అమ్మ చూసుంటుంది, వాళ్ల నాన్నని."

"మధ్యలో మా నాన్నేం చేశాడు?" అన్నాను.

టోబీ మళ్లీ గొంతు సవరించుకున్నాడు. "అంటే... వేసుకోమన్నట్టేనా?"

ఇక ఆగలేకపోయాం. హెక్టర్ కూడా బల్ల మీద చరుస్తూ నవ్వాడు. అంతలో మోకాళ్లు రెండూ దగ్గరికి బిగించి, "ఇదిగో, ఇప్పుడే. ఇదే నేను చెప్పేది," అన్నాడు. దానికి ఇంకా నవ్వాం.

మర్నాడు పెట్టెలోంచి కిల్ట్ తీశాను. అది హెక్టర్ తాతగారిది. ఎనిమిది గజాల ఉన్ని, చేత్తో కుట్టిన మడతలు. ఒక్క మడత కూడా చెడలేదు. హెక్టర్ చిక్కిపోయాడు కనక బకిల్స్ విప్పి లోపలికి జరిపి కుట్టాను.

పెళ్లిరోజు నదివైపునుంచి గాలి గట్టిగా వీచింది. నేను ముందే లోపలికెళ్లి కూర్చోవాల్సింది, గుమ్మంలోనే ఉండిపోయాను. ఇష్బెల్ చెయ్యి పట్టుకుని వరసల మధ్యకి వచ్చిన హెక్టర్, డూగల్ ఎదురుగా ఆగాడు.

"డూగల్, నేను లోపల వేసుకున్నాను," అన్నాడు అందరికీ వినిపించేలా. "రాత్రికి విస్కీ నాది."

పైపుల్లో గాలి నింపుకుని ఉన్నవాళ్లు నవ్వలేక, ఊదలేక అవస్థపడ్డారు. ఒక పైపు దూడలా అరిచింది. హెక్టర్ తల తిప్పలేదు. గాలికి కిల్ట్ అంచు లేస్తున్నా చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. మా పెళ్లినాటినుంచీ కవాతుల్లో ఆ మనిషిని చూస్తూనే ఉన్నాను. అంత నిటారుగా నడిచిన రోజు ఇంకొకటి గుర్తులేదు. నా పక్కన నిలబడ్డ టోబీ తల్లి, "ఆయన మీ ఆయనేనా?" అంది. "మా ఆయనే," అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఇంకాస్త గట్టి గొంతుంటే బాగుండుననిపించింది.

సాయంత్రం హెక్టర్ టోబీ తల్లితో గిరగిరా తిరుగుతూ నాట్యం చేస్తున్నాడు. డూగల్ గ్లాసు పట్టుకుని నా పక్కకి చేరాడు.

"ఎఫీ, హెక్టర్‌వి... అవి ఎక్కడ దొరుకుతాయి?"

"ఎవరికి?"

"మా తమ్ముడికి."

"నడుమెంత మీ తమ్ముడికి?"

డూగల్ కాసేపు హెక్టర్‌నే చూశాడు.

"నా అంతే," అన్నాడు.