అరిగిపోయిన మగముక్క

మాస్టారు ముప్పయ్యేళ్లు వ్యాకరణం చెప్పారు. ఉద్యోగం మానినా నోరు మానలేదు. బట్టలారేసే తాడు తెగితే, అతికించాలని భార్య అంది. "తాడు ముడేస్తారు, అతికించేది కాగితం!" అని మరదలి ఎదుటే దిద్దారు. ఆ తర్వాత నాలుగు రోజులు ఇంట్లో మాటే లేదు. పళ్లెం బల్లమీద ఠక్కున పెడితే, భోజనానికి రమ్మని అర్థం.

అయిదో రోజు వంటింటి సింకు కింద పైపు కారింది. ప్లంబరు వచ్చి దాని కింద దూరాడు. మాస్టారు టార్చి పట్టుకుని గొంతుక్కూర్చున్నారు. పక్కగదిలో భార్య బట్టలు మడతపెడుతోంది.

"ఆడది గట్టిగానే ఉంది సార్," ప్లంబరు లోపల్నుంచి అరిచాడు. "మగదే అరిగిపోయింది. ఎంత తిప్పినా పట్టు లేదు!"

"కాస్త మెల్లిగా చెప్పవయ్యా."

"మెల్లిగా చెప్తే మరలు బాగవుతాయా సార్? దూరే ముక్క మగది, పట్టుకునేది ఆడది. మగదాన్ని మార్చేస్తే ఆడదానికి ఏ ఇబ్బందీ ఉండదు."

పక్కగదిలోంచి దగ్గు వినిపించింది. నవ్వు మింగబోతే వచ్చే దగ్గు.

మాట మార్చాలని మాస్టారు, "సరే, ఆ అతుకు..." అన్నారు.

"అతుకు కాదు సార్, జాయింటు! అతికిస్తే ఇక కోసెయ్యాల్సిందే. జాయింటైతే విప్పి, తుడిచి, మళ్లీ బిగించుకోవచ్చు."

మాస్టారి మాటను దిద్దినవాడు ఇంతవరకూ పుట్టలేదు. చెవులు భగ్గుమన్నాయి. అదీ భార్య వింటుండగా! మరదలి ముందు ఆవిడ ముఖం ఎలా పాలిపోయిందో అప్పుడు గుర్తొచ్చింది. టార్చి నేలమీద పెట్టి పక్కగదిలోకి నడిచారు.

"సంధి చేసుకుందామా?"

ఆవిడ తువ్వాలు దులిపింది. "సంధిలో రెండచ్చులు కలిస్తే ఏది పోతుందని చెప్పేవారు పిల్లలకి?"

"...ముందుది."

"ముందు నోరు జారిందెవరు?"

"నేనే. తప్పయింది. మీ చెల్లెలితో కూడా చెబుతాను."

తర్వాతెప్పుడైనా చెబుదామనుకున్నారాయన. ఆవిడ అప్పటికే ఫోను కలిపేసింది.

"తప్పు నాదేనమ్మా," అన్నారు మాస్టారు గొణుగుతూ.

"సరిగ్గా వినపడలేదు బావగారూ, ఇంకోసారి?"

మరదలికి మూడోసారికి గానీ వినపడలేదు. ప్లంబరుకు మాత్రం రెండోసారికే వినపడింది.