రాసిన వాగు, ఉన్న వాగు

జాఫి అరచేతిని వాగులో తడిపి, రాలిన ఆకుల మీద కూర్చున్న కప్పను ఒడిసి పట్టాడు. బొటనవేలి కణుపంత కప్ప. పొడిచెయ్యి తగిలితే దాని చర్మం దెబ్బతింటుంది. పల్చని ప్లాస్టిక్ సంచిలో రెండు చుక్కల నీళ్లు పోసి, దాన్ని అందులో వేసి వెల్లకిలా తిప్పాడు. నల్లని పొట్ట మీద నీలి చుక్కలు, గొంతు కింద గుర్రపు లాడం లాంటి గుర్తు. ఆ లాడం లేకపోతే అది వేరే జాతి. వీపు చూసి పోల్చేవాడు మోసపోతాడు. కెమెరా ఎత్తబోతూ జాఫి వెనక్కి చూశాడు.

సహుండ్ర అక్కడే నిలబడి ఉంది. మూడు రోజుల కిందట జిల్లా ఆఫీసు నుంచి వచ్చిన మనిషి. నిన్నంతా వంకర దారుల్లో తిప్పి వదిలించుకున్నాననుకుంటే, ఇవాళ చప్పుడు చెయ్యకుండా వెంట వచ్చి వాలింది. జాఫి సంచిని ఆకాశానికేసి ఎత్తి ఫోటో తీశాడు. వాగులోని ఒక్క రాయి కూడా ఫోటోలో పడకూడదు.

"ఇది సహమేనా వాగేనా తాతా?"

"పేరెందుకమ్మాయ్? దీనికేమన్నా సంబంధం చూస్తున్నావా?"

జాఫి పద్దెనిమిదేళ్లుగా అడవి సంఘానికి కప్పల ఫోటోలు తీసిపెడుతున్నాడు. నాలుగేళ్ల కిందట ఇద్దరు పెద్దమనుషులు కెమెరాలేసుకుని వస్తే, దగ్గరుండి మూడు వాగులు చూపించాడు. వారం తిరక్కుండా ఆ మూడింటిలోనూ కప్పన్నది లేకుండా పోయింది. ఉన్నవన్నీ అమ్మకానికి డబ్బాలకెక్కి మడగాస్కర్ దాటిపోయాయి. అప్పట్నుంచి ఆయన తన నీడను కూడా నమ్మలేదు. మిగిలింది ఈ మహేలా వాగు ఒక్కటే. ఇక్కడ తీసిన ప్రతి ఫోటో కిందా, కొండ అవతల ఖాళీ అయిపోయిన సహమేనా పేరు రాస్తున్నాడు. దొంగలు అక్కడికెళ్లి బురద పిసుక్కోనీ అని ఆయన లెక్క.

మధ్యాహ్నం అన్నం మూట విప్పి, దంచిన కర్రపెండలం ఆకు కూరలో సగం ఆమెకు పెట్టాడు. అనుమానం అనుమానమే, అన్నం అన్నమే.

"మొన్న సహమేనా అంతా తిరిగాను తాతా. ఒక్కటి లేదు. మీ కాగితాల్లో మాత్రం వందలున్నాయి."

"వానలు సరిగ్గా లేవులే."

"కొత్త రోడ్డొస్తోంది. కప్పలున్న చోటు తప్పించి వెయ్యాలి. మీరు సహమేనా అని రాశారు కదా, దాన్ని తప్పించారు. తప్పించి ఇటు తిప్పారు."

జాఫి చేతిలో ముద్ద ఆగిపోయింది. వల వేస్తోంది, అనుకున్నాడు.

"ఇలాంటి కబుర్లు చాలా విన్నాంలే అమ్మాయ్."

"వినొద్దు. వచ్చి చూడండి."

వాగు పైకి వంద అడుగులు నడిచేసరికి రెండు ఒడ్డుల మీదా చెట్లకి ఎర్రగుడ్డలు కట్టి ఉన్నాయి. జాఫి ఒక ముడిని తడిమి చూశాడు. కొత్త ముడి. రోడ్డువాళ్ల గుర్తు. దొంగల కోసం తవ్విన గోతిలో తన కప్పలే పడబోతున్నాయి.

"ఎప్పుడు?"

"సోమవారం చెట్లు కొడతారు. అసలు పేరు రాసిస్తే ఇవాళే వెళ్లి ఆపిస్తాను."

ఆమె కాగితం అందిస్తే ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఈ కాగితం చూసుకుని మళ్లీ డబ్బాలవాళ్లు దిగరు కదా?"

"దిగరని నేను చెప్పలేను తాతా."

"చెప్పుంటే ఇచ్చేవాణ్ణి కాదు" అంటూ జాఫి కాగితం మోకాలి మీద పెట్టుకుని, నాలుగేళ్ల తర్వాత మొదటిసారి మహేలా అని రాశాడు. ఆమె ఆ కాగితం తీసుకుని బస్సు కోసం పరుగెత్తింది. ఆయన వాగు దగ్గరే ఉండిపోయాడు.

సాయంత్రానికి జాఫి ఇల్లు చేరలేదు. భార్య రవావు ఊరివాళ్లని వెంటబెట్టుకుని సహమేనాకి వెళ్లింది. ఆమెకీ ఆయన చెప్పింది ఆ పేరే. మర్నాడు పొద్దెక్కేదాకా కొండ అవతలే వెతికారు. చివరికి ఆఫీసుకి ఫోన్ చేస్తే సహుండ్ర వచ్చి దారి చూపించింది. కాగితం అందిందని, రోడ్డు పని ఆపారని నడుస్తూ చెప్పింది. రవావుకి అవేవీ చెవికెక్కలేదు.

"నలభై ఏళ్లు వండిపెట్టినదాన్ని. నాక్కూడా అబద్ధమే చెప్పాడా అమ్మా?"

సహుండ్ర అడ్డొచ్చిన కొమ్మని పక్కకి తప్పించింది. జాఫి చెట్టు మొదలుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గుండె రాత్రే ఆగిపోయినట్టుంది, ఒళ్లు ఎప్పుడో చల్లబడిపోయింది. రవావు పక్కన కూలబడి, ఆయన భుజం కొడుతూ ఏడ్చింది. ఆయన రబ్బరు చెప్పులు మాత్రం, కప్పలు తిరిగే ఆకులకి దూరంగా, ఒక బండ మీద జతగా పెట్టి ఉన్నాయి.