ముగ్గు లేని వాకిలి

విజయదుర్గకి మనుషుల మీద నమ్మకం లేదనడం అన్యాయం. నమ్మకం ఉంది. కాకపోతే దానికి కూడా తాళం వేసి, ఒకసారి లాగి చూసుకునే రకం ఆమె.

తెనాలి నుంచి వచ్చి, ఎల్బీనగర్ దాటాక ఒక పాత ఊరిని ఆనుకుని ఇల్లు కట్టుకున్నారు ఆమె, ఆమె భర్త త్రినాథరావు. ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్తాడు. వీధికి ఒక పక్క కొత్త డాబాలు, రెండో పక్క బర్రెల కొట్టాలు, వాటి వెనక కందిచేలు. పేరుకి నగరమే గానీ, పొద్దున్నే కోడి కూతకి లేవాల్సిందే.

ఏడాదిగా ఆ ఊరిని దొంగలు పట్టుకున్నారు. ముందు బోర్ల దగ్గర రాగి వైర్లు పోయాయి. తర్వాత జంగయ్య మేకలు పోయాయి. ఆ తర్వాత దొంగలకీ కాస్త ఎదుగుదల వచ్చి, తాళం వేసిన డాబాల మీద పడ్డారు. కాలనీవాళ్లు ఊరివాళ్లని అనుమానించారు. ఊరివాళ్లు కట్టుబడి పనులకొచ్చిన కూలీలని అనుమానించారు. అనుమానించడానికి ఆ కూలీలకే ఎవరూ మిగల్లేదు.

పోలీసులు వచ్చి మీటింగ్ పెట్టారు. దొంగలు పగలు తిరిగి చూసేది తాళాన్ని కాదు, వాకిలిని అన్నారు. వాకిట్లో ముగ్గు లేకపోతే ఇంట్లో ఆడమనిషి లేనట్టే, ఇల్లు ఖాళీ అన్నట్టే. ఊరెళ్లేవాళ్లు ఎవరిచేతైనా రోజూ ముగ్గు వేయించుకోండి అని చెప్పి వెళ్లారు.

సరిగ్గా అప్పుడే దుర్గకి కాశీ వెళ్లాల్సి వచ్చింది. కూతురు తన్మయికి పెళ్లి కుదిరితే అక్కడ తొమ్మిది నిద్రలు చేస్తానని మొక్కుకుంది, పెళ్లి కుదిరింది. కొన్న నగలన్నీ బీరువాలో ఉన్నాయి. బ్యాంకు లాకర్లో పెడదామని త్రినాథరావు అన్నాడు. లాకరుకి రెండో తాళంచెవి బ్యాంకువాళ్ల దగ్గరుంటుందట, అందుకని ఆమె ఒప్పుకోలేదు.

ముగ్గు పని ఎదురింటి భాగ్యమ్మకి అప్పగించింది. భాగ్యమ్మ, ఆమె మొగుడు మారయ్య రెండు బర్రెలు పెట్టుకుని వీధంతా పాలు పోస్తారు. కొడుకు మధు కెమెరాలు బిగించే పని చేస్తాడు. దుర్గ గేటుకి, వాకిలి మేరకే కనబడేలా, ఫోన్లో చూసుకునే కెమెరా బిగించింది కూడా అతనే. దొంగ చేతికి తాళమిచ్చినట్టు కాలేదు కదా అని ఆమె అప్పుడే ఒక మాట అనుకుని పెట్టుకుంది.

“నిమ్మళంగ పోయి రాండ్రి అమ్మ,” అంది భాగ్యమ్మ. “పొద్దుగాల్నే నేనే ముగ్గేస్త. మీ ఇల్లు మా ఇల్లు కాదా?”

ఆ చివరి మాట దుర్గకి రైలు నాగపూర్ దాటేదాకా మింగుడు పడలేదు.

కాశీలో రోజూ గంగలో మునక వేసి, తడి చీరతోనే ఫోన్ తెరిచేది. విశ్వనాథుడి దర్శనానికి ముందు గేటు దర్శనం. కళ్లాపి చల్లిన వాకిట్లో చుక్కల ముగ్గు, ఒక్క గీతా వంకర పోకుండా కనబడేది. దాంతో ఆమె మనసు కుదుటపడి, దేవుడి వంతు వచ్చేది.

ఒక రోజు పొద్దున ముగ్గు లేదు. భాగ్యమ్మకి ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. ఒంట్లో బాగుండలేదేమోనని త్రినాథరావు అన్నాడు. ఒంట్లో బాగుండకపోతే ఫోన్ ఎందుకు ఆపుతుందని దుర్గ అడిగింది. మర్నాడూ ముగ్గు లేదు. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. ఆ పూట ఆమెకి అన్నం సయించలేదు. దొంగలకి దారి చూపడానికే భాగ్యమ్మ వాకిలి వదిలేసిందని తేల్చేసింది.

మూడో పొద్దున ముగ్గు లేకపోగా, గేటు బయట ఒక మనిషి ఉన్నాడు. గుండు, భుజాల మీద తువ్వాలు. గోడకి ఆనుకుని కూర్చుని, ముఖం అటు తిప్పుకుని ఉన్నాడు. గేటు ముట్టడు, లోపలికి రాడు, కదలడు. దుర్గ ఊరెళ్లే ముందు పోలీసులిచ్చిన నంబరుకి ఫోన్ చేసి, మా ఇంటి దగ్గర దొంగ కాపు కాస్తున్నాడని చెప్పింది. కాసేపటికి జీపు వచ్చి ఆ మనిషిని ఎక్కించుకుపోవడం ఫోన్లో చూసింది. నా ఇల్లు నేనే కాపాడుకున్నాను అని భర్తతో గర్వంగా అంది.

ఇంకాసేపటికి ఎస్సై ఫోన్ చేశాడు.

“మేడం, ఈయన పేరు మధు అంట. మీ ఎదురింటోడేనంట. మొన్న వాళ్ల నాయిన సచ్చిపోయిండంట, ఇయ్యాల పిట్టకు పెట్టాలె, జల్ది ఇడువమంటుండు. మీకు ఎరికేనా? ఇడువమంటరా?”

దుర్గకి మధు అన్న పేరు వినగానే అన్నీ అతుక్కున్నాయి. కెమెరా బిగించినవాడే కదా.

“మారయ్యా? మేం బయల్దేరిన రోజు పొద్దున కూడా పాలు పోసి వెళ్లాడండీ, నిక్షేపంలా ఉన్నాడు. అన్నీ కట్టుకథలు. మీరు మాత్రం వదలకండి.”

ఆ మాటే ఆమె అన్నది. గట్టిగా, ఘాట్ మెట్ల మీద నలుగురూ తిరిగి చూసేలా అంది.

త్రినాథరావు ఆమె వైపు చూడలేదు. మెట్ల మీద మంగళ్ల ముందు వరసగా కూర్చున్నవాళ్లని చూస్తున్నాడు. తల్లికో తండ్రికో కొరివి పెట్టడానికి తల గొరిగించుకుంటున్న కొడుకులు వాళ్లంతా. దుర్గ వచ్చిన రోజు నుంచీ వాళ్ల మధ్యే నడుస్తోంది.

“దుర్గా, గుండు చేయించుకుని ఎవడైనా దొంగతనానికి వస్తాడా?” అన్నాడు.

ఆయనే మేకల జంగయ్యకి ఫోన్ చేసి కనుక్కున్నాడు. మారయ్య మొన్న తెల్లవారుజామున పాలు పిండుతూ కొట్టంలోనే కుప్పకూలాడు. ఆ సాయంత్రమే దహనం. మొగుడూ పెళ్లాలిద్దరికీ ఉన్న ఒక్క ఫోన్ ఆయనదే, ఎవరూ చార్జింగ్ పెట్టలేదు. ఈ రోజు మూడో రోజు, కొడుకు చేతి అన్నం కాకికి పెట్టాలి. ఇంటిల్లిపాదీ బూడిద దగ్గర విస్తరి పరుచుకుని కూర్చున్నారు, కొడుకు మాత్రం స్టేషన్లో ఉన్నాడు.

త్రినాథరావు ఎస్సైకి చెప్పి విడిపించేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. అప్పటిదాకా ఆగలేక పెద్దలు మధు లేకుండానే అన్నం పెట్టేశారు. కాకి రాలేదు.

మిగిలిన నిద్రలు పేరుకే నిద్రలయ్యాయి. దుర్గ ఫోన్ తెరవలేదు, దేవుడి ముందు నిలబడ్డా ఏం అడగాలో తోచలేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. భాగ్యమ్మ కాళ్ల మీద పడతానని రైల్లో దారి పొడుగునా అనుకుంటూనే వచ్చింది.

ఆటో దిగేసరికి వాకిట్లో దుమ్ము, ఎండుటాకులు. గేటు తాళం వేసింది వేసినట్టే ఉంది. ఎదురింటికి వెళ్దాం పద అన్నాడు త్రినాథరావు. ఒక్క నిమిషం అంటూ ఆమె లోపలికి వెళ్లింది. బీరువా తీసి పెట్టెలన్నీ మూతలు తెరిచి చూసుకుంది. హారం, గాజులు, వడ్డాణం, అన్నీ ఉన్నాయి. అప్పుడు గంగ చెంబు పట్టుకుని రోడ్డు దాటింది.

భాగ్యమ్మ గోడవార కూర్చుని ఉంది. మంచం మీదున్న మధు వీళ్లని చూసి కూడా లేవలేదు. దుర్గ చెంబు కింద పెట్టి ఏడ్చేసింది. తెలీదు భాగ్యమ్మా, నాకు తెలీదు అంది. నిజానికి ఆమెకి తెలుసు. ఎస్సై చెప్పాడు. తెలియకపోవడం వేరు, నమ్మకపోవడం వేరు.

“యాత్రల ఉన్నోళ్లకు చావు కబురు చెప్పొద్దంటరమ్మ,” అంది భాగ్యమ్మ. “చెప్తే మీ మొక్కు నడుమల ఆగిపోతుండె. మైల చెయ్యితోని మీ వాకిట్ల ముగ్గెట్లేస్త? పిల్ల పెండ్లి కుదిరిన ఇల్లాయె. మాటిచ్చిన గదా అని పోరన్ని మీ గేటుకాడ కూసోవెట్టిన. మైల ఉన్నది, గేటు ముట్టకు బిడ్డా అని చెప్పిన.”

మధు గోడవైపు తిరిగి పడుకున్నాడు. భాగ్యమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

“వాళ్ల నాయినకు పిట్ట ముట్టలే. ఏం జేస్తం. మీ ఇల్లయితే మంచిగున్నదా? సూస్కున్నవా, అన్నీ ఉన్నయా?”

“అయ్యో, నేనింకా ఏమీ చూసుకోలేదు భాగ్యమ్మా,” అంది దుర్గ. “దిగీ దిగగానే ముందు నీ దగ్గరికే వచ్చాను.”

భాగ్యమ్మ ఆమె ముఖం వైపు చూడలేదు. ఎడమ చేతిలో ఆమె ఇంకా పట్టుకునే ఉన్న బీరువా తాళంచెవి వైపు చూసింది.

“మంచిదమ్మ. పోయి సూస్కో,” అంది.