మొదటి ఎత్తుకే కొట్టేసిన కాగితం

భోజనాల గది నోటీసు బోర్డు చూడగానే మాస్టరమ్మకు ఒళ్లు మండిపోయింది. మండదూ మరి! వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని విప్పిన చదరంగం చిక్కు అది. నాలుగు ఎత్తులూ పొందికగా రాసి జవాబుల డబ్బాలో వేసింది. ఆ కాగితం మీద మొదటి ఎత్తు దగ్గరే అడ్డంగా ఎర్ర గీత. పక్కన, ‘మంత్రిని ఊరికే పారేసింది. తప్పు’ అని రాత.

యూనిఫారాలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో ఆవిడ కటింగ్ మాస్టరు. వంద పొరల గుడ్డ మీద కత్తి పెట్టేముందు ఆఖరి ముక్క ఎక్కడ పడుతుందో చూసుకునే మనిషి. పదకొండేళ్లుగా భోజనాల గదిలో ఆడుతోంది, గెలుస్తోంది. ఫ్యాక్టరీల పోటీకి మాత్రం ఒక్కసారీ తీసుకెళ్లలేదు. ఈసారి జట్టులో ఒక చోటు ఖాళీ అయింది. చిక్కు విప్పినవాళ్లకే ఆ చోటని జట్టును ఎంపిక చేసే చెకింగ్ సూపర్‌వైజరే ప్రకటించాడు. ఎవరూ విప్పలేదు కాబట్టి నాలుగో ఆటగాడు తానేనని ఇప్పుడు ఆ కాగితం కిందే రాసుకున్నాడు. ఎంత నిబ్బరం!

అతను అక్కడే చేతులు కడుక్కుంటున్నాడు.

“సార్, నా కాగితం మొత్తం చదివారా?”

“చదివేదేముందమ్మా? మొదటి ఎత్తులోనే మంత్రి పోయింది. ఇక కింద చూడ్డం ఎందుకు?”

అదీ సంగతి! చొక్కా కాలరు దగ్గర తప్పు కనబడితే చేతులు, గుండీలు చూడకుండా రిజెక్టు బుట్టలో పడేయడం అతని పద్ధతి. రోజుకు వెయ్యి చొక్కాలు చూసేవాడికి అది సరే. నాలుగు ఎత్తులు చదవడానికి ఏం మాయరోగం?

“చదరంగం బోర్డు పెట్టండి. నల్లపావులు మీవి.”

“ఇప్పుడెందుకమ్మా, అన్నం టైము...”

“నా అన్నం సంగతి నేను చూసుకుంటాను. పెట్టండి.”

ఇస్త్రీ టేబుళ్లవాళ్లు, గుండీలు కుట్టే ఆడవాళ్లు గిన్నెలతో సహా చుట్టూ మూగారు. పావులు చిక్కులో ఉన్నట్టే పేర్చారు. మాస్టరమ్మ తన మంత్రిని తీసుకెళ్లి నల్లరాజు పక్క గడిలో పెట్టి, “చెక్” అంది.

“చూశారుగా!” అన్నాడు సూపర్‌వైజరు అందరివైపూ తిరిగి. ఎవరో కిసుక్కున నవ్వారు.

“నవ్వులు తర్వాత. కొట్టండి. కొట్టక తప్పదు మీకు.”

రాజు కదలడానికి ఇంకో గడి లేదు. మంత్రిని కొట్టాడు. ఆవిడ గుర్రం వెంటనే దూకింది. ఒకే దెబ్బకు రాజుకు చెక్, నల్లమంత్రి మీదా గురి. రాజు తప్పుకోక తప్పలేదు. గుర్రం మంత్రిని కొట్టి ఆ గడిలో కూర్చుంది. అక్కడి నుంచి రెండు నల్ల ఏనుగులకూ ఒకేసారి ఎసరు పెట్టింది! ఒకదాన్ని జరిపితే రెండోది పోతుంది. సూపర్‌వైజరు చెయ్యి ఒక ఏనుగు మీదికి వెళ్లి, రెండోదాని మీదికి వెళ్లి, చివరికి జేబులోకి వెళ్లింది.

“ఇదంతా కాగితంలో ఉందా?”

“గీత కింద ఉంది సార్.”

“పోటీవాళ్లకు పేర్లు పొద్దున్నే పంపేశానే...”

“పంపినవాళ్లే మార్చండి. ఫోను మీ జేబులోనే ఉంది.”

నలభై మంది చూస్తుండగా ఫోను తీశాడు. “హలో, మా నాలుగో పేరు మార్చాలండీ. నాకు ఒంట్లో కాస్త నలతగా ఉంది...”

“ఇంతలోనే ఏమొచ్చింది ఒంటికి?” గట్టిగానే అంది మాస్టరమ్మ. “జరిగింది చెప్పండి!”

అతని ముఖం కందగడ్డ అయింది. “అదికాదండీ... ఇక్కడ ఒకామె సరిగ్గానే విప్పింది. నేనే చూసుకోకుండా కొట్టేశాను. ఆఁ, రాసుకోండి. పేరు...”

ఆగాడు. ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

“మాస్టరమ్మా, ఇంతకీ నీ పేరేంటి?”

పదకొండేళ్లు! ఆవిడ కోసిన గుడ్డే రోజూ అతని బల్ల మీదికి వస్తుంది. మాస్టరమ్మ ఆ ఫోను లాక్కుంది. ఇంటిపేరుతో సహా తన పేరు తనే చెప్పింది, గది మొత్తానికీ వినబడేలా, రెండుసార్లు.