దుప్పి పాయకు అడ్డం పడిన దేవదారు

రాళ్ళ చప్పుడు.

వాన చప్పుడు కాదు. వాన మూడు రోజులుగా కురుస్తూనే ఉంది, దానికి చెవులు అలవాటు పడిపోయాయి. ఇది వేరు. నీళ్ళ అడుగున గులకరాళ్ళు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, దొర్లుకుంటూ, గరగరమంటూ... నది పళ్ళు నూరుతున్న చప్పుడు.

ఓర్లీన్ చేతిలో కాఫీ కప్పు నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

నలభై మూడేళ్ళుగా ఆ చప్పుడు కరకట్టకు అవతలే ఉండేది. పక్కింట్లో పెళ్ళి సందడిలా వినపడేది. పిలుపు మాత్రం లేదు.

ఈ ఉదయం అది ఇవతల ఉంది.

ఇంటి వెనక. పచ్చిక దిగువన. దుప్పి పాయలో!

కప్పు ఎక్కడ పెట్టిందో తెలియదు. గుమ్మం దగ్గర చేతికందిన బూట్లు తొడుక్కుంది. అరలోంచి ఎర్ర డబ్బా తీసి చంకన పెట్టుకుంది. డెబ్బై నాలుగేళ్ళ మోకాళ్ళు వద్దంటున్నా వినకుండా, వానలోకి దూకింది.

పారుతోంది. పాయ పారుతోంది!

ఎర్ర డబ్బా ఒకప్పుడు కాఫీ పొడి డబ్బా. ఇప్పుడు అందులో ఉన్నది ఒక చేప. ఒకే ఒక్క సాల్మన్ చేప ఎముకలు, పుర్రె నుంచి తోక ముల్లు దాకా.

వాళ్ళ తెగలో ఏటా మొదట దొరికిన సాల్మన్‌ను ఊరంతా తలా కాస్త తింటారు. ఒక్క ముల్లు పారేయరు. ఎముకలన్నీ ఏరి, ఏ నీళ్ళు ఆ చేపను ఇచ్చాయో ఆ నీళ్ళలోనే వదులుతారు, తల ఎగువకు పెట్టి. అది సముద్రానికి వెళ్ళి తనవాళ్ళతో చెబుతుంది... ఆ ఊళ్ళో నన్ను మర్యాదగా చూశారు, మీరూ వెళ్ళండి, అని.

దుప్పి పాయలో దొరికిన ఆఖరి 'మొదటి చేప' అది. దాన్ని తిన్న వారానికే కరకట్ట వచ్చి పాయ నోరు మూసింది. నదిలో వదిలేద్దాం అన్నారందరూ. నదీ పాయా ఒకటే నీళ్ళు కదా అన్నారు.

అత్తగారు ఒప్పుకోలేదు.

"దాని ఊరు అది కాదు" అంది. ఎముకలన్నీ డబ్బాలో సర్ది, తెచ్చి కోడలి ఒళ్ళో పెట్టింది. "పాయ బతికిన రోజున పాయలోనే వెయ్యి."

పారిన రోజున అనలేదు.

బతికిన రోజున అంది.

పాయను చంపిందెవరు?

ఓర్లీన్ నాలుక మీదకు రాని ప్రశ్న అది. జవాబు తెలుసు కాబట్టే రాదు.

సర్కారు ఇస్త్రీ చొక్కాలవాళ్ళు ఎవరో వచ్చి చెప్పారు. పాయ నిండా పడిపోయిన చెట్లు, కుళ్ళిన దుంగలు, చేపకు దారెక్కడుంది, తీసెయ్యండి, అని. ఆమె మొగుడు లెలాండ్ విన్నాడు. చేపంటే ప్రాణం అతనికి. ప్రాణం కాబట్టే విన్నాడు. ట్రాక్టరుకు గొలుసు కట్టాడు. ఒక్కో దుంగా లాగాడు. ఎండాకాలం ముగిసేసరికి పాయ దువ్విన తలలా ఉంది.

"చేపకు రాజమార్గం వేశానే!" అన్నాడు.

గొలుసు రెండో కొస పట్టుకున్నది ఓర్లీనే. చప్పట్లు కొట్టింది కూడా ఓర్లీనే.

చలికాలం వానలు వచ్చాయి. ఆపేవాళ్ళు లేని నీళ్ళు తలుపు తీసిన దొడ్లోంచి గుర్రాల్లా ఉరికాయి. గులకరాళ్ళను ఎత్తుకుపోయాయి. రాళ్ళ మధ్య దాచిన గుడ్లనూ ఎత్తుకుపోయాయి. మూడేళ్ళలో ఒడ్లు విరిగాయి, నీళ్ళు ఇళ్ళ దాకా వచ్చాయి. భయపడి కరకట్ట వేశారు. నది అవతల, పాయ ఇవతల.

రాజమార్గం మిగిలింది. రాజు రాలేదు.

లెలాండ్ పోయి తొమ్మిదేళ్ళు. పోయేదాకా ఆ మాట అతను ఎత్తలేదు, ఆమె అడగలేదు.

పోయిన ఆగస్టులో, నది సన్నబడినప్పుడు, తెగ పెద్దలు కరకట్టకు గండి కొట్టించారు. ఎగువన ఒకటి, దిగువన ఒకటి. కావాలని కొట్టిన గండ్లు! లెలాండ్ చెల్లెలి కొడుకు క్లిఫర్డ్ పొక్లెయిన్ ఎక్కి, కొండ మీద గాలికి కూలిన చెట్లను వేళ్ళతో సహా తెచ్చి పాయలో పడుకోబెట్టి, కొసలు ఒడ్డులో పాతాడు. అన్నిటికన్నా పెద్దది ఒక దేవదారు. దాని వేళ్ళ చక్రం ఇంటి తలుపంత ఉంది.

"మొగుడు తీసినవి మేనల్లుడు పెడుతున్నాడు" అంది ఓర్లీన్ అక్క మార్డెల్. "మీ ఇంటి మగాళ్ళకు వేరే పనే లేదా?"

సెప్టెంబరు ఎండిపోయింది. అక్టోబరు ఎండిపోయింది. సాల్మన్లు గుడ్లు పెట్టడానికి పసిఫిక్ సముద్రం వదిలి నది మొగ దగ్గరకొచ్చి గుంపులు గుంపులుగా ఎదురుచూశాయి. పచ్చిక దిగువన ఓర్లీన్ ఎదురుచూసింది.

చివరికి... వాన.

దిగువ గండి దగ్గర, పాయ మళ్ళీ నదిలో కలిసే చోట, నెత్తిన ప్లాస్టిక్ పట్టా కప్పుకుని మార్డెల్ అప్పటికే నిలబడి ఉంది. చంకలో ఫ్లాస్కు.

"కాళ్ళు చూసుకున్నావా? ఒక బూటు నీది, ఒకటి మీ ఆయనది. జంటగా వచ్చారన్నమాట!"

"నువ్వెప్పుడొచ్చావక్కా?"

"చేపల కంటే ముందే. లేటైతే నా వాటా కూడా నువ్వే మింగేస్తావుగా."

నీళ్ళు వస్తున్నాయి. గోధుమ రంగు నీళ్ళు, నురగ నీళ్ళు, ఆకులు మోసుకొచ్చే నీళ్ళు. ఒక దుంగను చుట్టి, ఇంకో దుంగ కింద దూరి, వేళ్ళ మధ్య సుడి తిరిగి... దొడ్డిదారి మర్చిపోని పిల్లల్లా వస్తున్నాయి. ఆల్డర్ చెట్ల మొదళ్ళు తడిశాయి. ఎండిన గడ్డి లేచి తేలింది. ఓర్లీన్ నవ్వుతోంది. ఎందుకో తెలియదు, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి నవ్వుతోంది.

అప్పుడు పెళపెళమని శబ్దం.

దేవదారు కదిలింది.

పాతిన కొస ఊడింది. అంత చెట్టూ మెల్లగా తిరిగింది. తిరుగుతూ, దొర్లుతూ, నీళ్ళతో పాటు దిగువకు వచ్చి, గండికి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు అడ్డంగా పడింది. దాని మీద కొమ్మలు. కొమ్మల మీద ఆకులు. చూస్తుండగానే గోడ.

చేప రావలసిన దారి అదే.

కరకట్ట మీద క్లిఫర్డ్ పరిగెత్తుకొస్తున్నాడు.

"దారి మూసుకుపోయింది అత్తా! చేపెట్టా వస్తుంది? నేను సరిగ్గా పాతలేదు... నాదే తప్పు. జరుగు! పది నిమిషాల్లో లాగేస్తా!"

పొక్లెయిన్ గుర్రుమంది. ఇనప చెయ్యి లేచింది.

లాగెయ్.

ఆ మాట ఓర్లీన్ గొంతు దాకా వచ్చింది. లాగెయ్, లాగెయ్, దారి తెరువు! ఆమె చేతులకు కూడా అదే కావాలి. వేళ్ళు గొలుసు పట్టుకున్నట్టే ముడుచుకున్నాయి. అదే పాయ. అదే ఇంజను మోత. చేప మీద అదే ప్రేమ.

అదే!

ఆమె నడిచింది. ఒడ్డున ఆనుకున్న వేళ్ళ చక్రం దగ్గరకు వెళ్ళి, ఒక వేరు పట్టుకుని, ఇంకో వేరు మీద... కూర్చుంది.

"అత్తా! దిగు! పడితే నదిలో తేలతావు!"

"నన్నెత్తి అవతల పెట్టి లాక్కో."

"ఎత్తు నాయనా ఎత్తు" అంది మార్డెల్. "ఆ పొక్లెయిన్ తొట్టె సరిపోదు దానికి. రెండు ట్రిప్పులు వెయ్యాలి."

క్లిఫర్డ్ నవ్వలేదు. వానో కన్నీళ్ళో, ముఖం తుడుచుకున్నాడు. "చేపలు అవతల తల బాదుకుంటాయి అత్తా."

"మీ మామయ్య కూడా పది నిమిషాలే అన్నాడురా."

ఇనప చెయ్యి గాల్లో ఆగింది.

"రాకపోతే?"

"రాకపోతే తప్పు నాది. పోయినసారి కూడా సగం నాదే."

ఎన్నాళ్ళుగానో లోపల ఉన్న మాట. పైకి అనేసింది. వాన దాని మీద కురిసింది.

ఇంజను ఆగింది.

ఇక నీళ్ళు మాత్రమే.

నీళ్ళు దేవదారును తోశాయి. అది కదల్లేదు. మీద నుంచి దూకబోయాయి. ఎత్తు చాలలేదు. అప్పుడు తల వంచి కిందకు తవ్వడం మొదలుపెట్టాయి. దుంగ పొట్ట కింద, ఇసుక లాగి, మట్టి లాగి, గుటక గుటకగా...

దుంగ వెనక, ఎగువన, ఉరికే నీళ్ళు నడిచాయి. నడిచే నీళ్ళు నిలబడ్డాయి. మోసుకొచ్చిన బరువంతా దించేశాయి. ముందు పెద్ద రాళ్ళు. తర్వాత చిన్న రాళ్ళు. గుప్పెట్లో పట్టేవి, గుడ్డు దాచుకునేవి. గరగర మెల్లమెల్లగా సద్దుమణిగింది.

మార్డెల్ ఫ్లాస్కు తిరిగింది. ముగ్గురికీ ఒకే మూత. మధ్యాహ్నమైంది. వాన సన్నబడింది. ఎవరూ ఇంటికి పోలేదు.

"నీ కింద ఏదో కదిలింది" అంది మార్డెల్.

"పరాచికాలొద్దక్కా."

"ఒట్టు! కళ్ళజోడు తుడుచుకుని చూడవే!"

దుంగ పొట్ట కింది గోతిలోంచి... ఒక నీడ.

నీడ కాదు. వీపు!

ఆకుపచ్చ వీపు, పక్కల మీద ఊదా చారలు, అంచు చిరిగిన రెక్క. వేళ్ళ మధ్య ఆగింది. ఒళ్ళు విరిచింది. ఒక్క తోపు... గోడకు ఇవతల ఉంది. నిలకడ నీళ్ళలో, ఎగువకు ముక్కు పెట్టి, ఇంటికొచ్చిన మనిషి గడపలో నిలబడ్డట్టు నిలబడింది.

క్లిఫర్డ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మార్డెల్‌కు మాట లేదు. మార్డెల్‌కు!

ఆడ చేప. పొట్ట నిండా గుడ్లున్న నిండు చేప.

ఒక్కటే.

ఓర్లీన్ గోతి వైపు చూసింది. వెనక ఇంకెవరూ రాలేదు. ఇది ఉండిపోవడానికి వచ్చిందో, గోడ పక్కన అలుపు తీర్చుకుని వెళ్ళిపోతుందో... ఒక్క చేపతో పాయ బతికినట్టేనా? అడుగుదామంటే అత్తగారు లేదు. లెలాండ్ లేడు. కుడి కాలికి అతని బూటు మాత్రం ఉంది, దాని నిండా నీళ్ళు.

డబ్బా మూత తుప్పు పట్టి బిగిసిపోయింది. క్లిఫర్డ్ తిప్పాడు. ఎముకలు దేవదారు చెక్కపొట్టు రంగులో, అంత తేలిగ్గా ఉన్నాయి. వేస్తే మళ్ళీ తీయడం కుదరదు. వేయకపోతే... ఈ మోకాళ్ళకు ఇంకెన్ని వానలు మిగిలాయి?

ఆమె వంగింది. దుంగ వెనక, కొత్తగా పరుచుకున్న రాళ్ళ మీద, పుర్రె పెట్టింది. ఎగువకు. వెన్ను. పక్క ముళ్ళు. తోక. ఒక్కటి వదలకుండా.

"వెళ్ళు" అంది. "మంచివాళ్ళని చెప్పకు. నేర్చుకుంటున్నారని చెప్పు."

మురికి నీళ్ళు మూసుకున్నాయి. ఎముకలు కనిపించలేదు. ఆడ చేపా కనిపించలేదు.

ముగ్గురూ చెవులు రిక్కించారు.

ముందు ఏమీ లేదు. ఆకు మీంచి ఆకు మీదకు జారే చినుకు. తర్వాత... అడుగున, అక్కడే, కాస్త ఆగి, మళ్ళీ కాస్త ఆగి. నీళ్ళు దొర్లిస్తున్నాయో, గుడ్లకు గుంట చేస్తూ తోక తవ్వుతోందో...

రాళ్ళ చప్పుడు.