ఇసుక మీది లైట్‌హౌసు

టికెట్టక్క ఒక్కసారైనా ఎక్కకముందే లైట్‌హౌసు కూలిపోయింది.

ఇరవై రెండేళ్ళు ఆమె దాని ఎదురుగా ఉన్న చిన్న గదిలో కూర్చుని, పైకెక్కేవాళ్ళకి టికెట్లు చింపి ఇచ్చింది. పొద్దున్నే కిటికీ రెక్క తీయడం, గాలికి ఎగరకుండా టికెట్ల కట్ట మీద గులకరాయి పెట్టడం, "చెప్పులు కిందే విడవండి, ఇసుకుంటే మెట్లు జారతాయి" అని చెప్పడం, ఇదే పని. పిల్లలున్నవాళ్ళకి ఇంకో మాట కూడా చెప్పేది. పైనుంచి చూస్తే సముద్రంలో పాతకోట కనిపిస్తుందని, కోట వెనకవైపు తెల్లగుర్రాలు మేస్తుంటాయని.

గుర్రాల సంగతి ఆమెకి తమ్ముడు చెప్పాడు. వాళ్ళ నాన్న ఆ లైట్‌హౌసులో దీపం చూసుకునేవాడు. సెలవురోజుల్లో తమ్ముణ్ణి భుజాల మీద కూర్చోబెట్టుకుని పైకి తీసుకెళ్ళేవాడు. పసితనంలోనే ఎడమకాలు చచ్చుబడిన అక్క కింద చెప్పులకి కాపలా. "ఇద్దర్నీ మోయలేను తల్లీ, నీ వంతు వచ్చేసారి" అనేవాడు. ఆ వచ్చేసారి రానేలేదు. తమ్ముడు దిగొచ్చి గుర్రాల గురించి చెబుతుంటే నోరు తెరుచుకుని వినేది. తర్వాత్తర్వాత ఎక్కి దిగిన యాత్రికుల్లో కూడా గుర్రాల్లేవని ఎవరూ అనలేదు. అన్ని మెట్లెక్కి, చూడాల్సింది చూడలేదని ఒప్పుకోవడం ఎవరికిష్టం?

సముద్రం ఏళ్ళ తరబడి పునాదిని కొరుకుతూ వచ్చి, ఒక వానపొద్దున, ఎవరూ రాకముందే పని పూర్తిచేసింది. తాళంచెవి పట్టుకుని వచ్చిన టికెట్టక్క రాళ్ళగుట్టని చూసి, ఏం చెయ్యాలో తోచక, అలవాటు కొద్దీ కిటికీ తెరిచి భోజనాల వేళదాకా కూర్చుంది.

మబ్బు విడిచాక నీడ పడింది. లైట్‌హౌసు లేదు గాని, దాని నీడ మాత్రం కిటికీలతో, పైన కటకటాలతో సహా ఎప్పట్లాగే ఇసుక మీద పడింది. కుక్కలు వచ్చి అందులో పడుకున్నాయి. గొడుగులు అద్దెకిచ్చే ఆవిడ తన పీట అక్కడికే జరుపుకుంది. అందరూ గైడు బాబాయి అని పిలిచే పెద్దాయన వచ్చినవాళ్ళని దాని మీదుగా నడిపించడం మొదలుపెట్టాడు. నీడలో అడుగుపెడితే ఇసుక ఇనపమెట్లలా గట్టిపడేది. కొసకి చేరేసరికి ఎంతటివాళ్ళకైనా ఆయాసం వచ్చేది. అక్కడ దీపంగది నీడలో నిలబడితే ఊరూ సముద్రమూ పైనుంచి చూసినట్టే కనిపించేవి. ఆఫీసువాళ్ళు వచ్చి పరిశీలించి, నీడకి టికెట్టు పెట్టే రూలు లేదని తేల్చి, కిటికీ మూసెయ్యమన్నారు.

తమ్ముడు వచ్చాడు. సముద్రం ఊసే లేని ఊళ్ళో అతనికి మోటార్లు బాగుచేసే షాపుంది. వెనకగది ఖాళీ చేశామని, మరదలు కొత్త పరుపు కూడా వేసిందని, ఒంటరిగా ఇక్కడుండి ఏం చేస్తావని అన్నాడు. అతని మాటలో కల్మషం లేదు. అందుకే ఆమె కాదనలేకపోయింది. వెళ్తే మళ్ళీ రావడమంటూ ఉండదని తెలిసే సామాను సర్దింది.

మర్నాడు బస్సనగా గైడు బాబాయి కిటికీ దగ్గరికొచ్చి నిలదీశాడు. "ఊరంతా ఎక్కింది, నువ్వొక్కదానివే మిగిలావు."

"నీడనెక్కితే ఎక్కినట్టేనా బాబాయ్?"

"ఎక్కి చెప్పవే ఆ మాట. మిట్టమధ్యాహ్నం రా, నీడ జానెడుంటుంది. రెండడుగులేస్తే దీపంగదిలో ఉంటావు."

"దొడ్డిదారి నాకొద్దు. ఎక్కితే మొత్తం ఎక్కుతా."

సాయంత్రం ఎక్కింది. వెనకే నీళ్ళసీసాతో తమ్ముడు. చంకకర్ర ఇసుకలో దిగబడలేదు, ఇనుము మీద పడ్డట్టు టంగుమంది. నీడలో కిటికీలున్నచోట ఎండ ముక్కలు ముక్కలుగా పడుతోంది. ఒక్కో ముక్క దగ్గరా ఆగి ఊపిరి పీల్చుకుంది. చిక్కల్లా ఏమిటంటే, పొద్దు వాలేకొద్దీ నీడ సాగుతోంది. ఆమె నాలుగడుగులు వేస్తే కొస రెండడుగులు ముందుకి పోతోంది. ఇంకాసేపైతే దీపంగది నీళ్ళలో పడుతుంది. తమ్ముడు ఎత్తుకుంటానన్నాడు.

"నా వంతు నన్నెక్కనీరా," అంది.

తడి ఇసుక మొదలయ్యేచోట దీపంగదిని అందుకుంది.

ఊరంతా కాళ్ళ కింద ఉంది. పాత సుంకం ఆఫీసు కూలిన కప్పులోంచి మొలిచిన చెట్టు, ఉప్పుగిడ్డంగుల వరస, నావికుల శ్మశానంలో ఒకవైపుకి ఒరిగిన రాళ్ళు... కుర్చీలోంచి చెయ్యి చాపి ఎందరికో దారి చూపించిన చోట్లన్నీ ఇంత దగ్గర దగ్గరగా ఉన్నాయని ఆమెకి తెలియదు. టికెట్టు గది అగ్గిపెట్టెంత ఉంది. సముద్రంలో కోట. కోట వెనక బండలు, బండల మీద ఆరేసిన వలలు. గుర్రాల్లేవు. గుర్రం నిలబడేంత చోటు కూడా లేదు.

"ఏరా, గుర్రాలేవి?" అంటూ వెనక్కి తిరిగింది.

తమ్ముడు కటకటాల నీడకి ఇవతలే ఆగిపోయాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నలభై దాటిన మనిషి, నీళ్ళసీసాని రెండు చేతులా గుండెకి అదుముకున్నాడు.

"కళ్ళు తెరవరా."

"తెరిచే ఉన్నాయక్కా," అన్నాడు మూసుకునే.

నాన్న భుజాల మీద కూడా వీడు ప్రతిసారీ ఇలాగే కూర్చుని ఉంటాడని ఆమెకప్పుడు అర్థమైంది. భయపడ్డానని చెప్పుకోలేక, కింద కనిపెట్టుకుని ఉన్న అక్కకి ఏదో ఒకటి తేవాలి కాబట్టి గుర్రాలు తెచ్చాడు. కోపం వస్తుందేమోనని కాసేపు చూసింది, రాలేదు. వాడి చెయ్యి పట్టుకుని, కనిపిస్తున్నవన్నీ ఒక్కొక్కటే చెప్పింది. వాడు ఊకొడుతూ విన్నాడు.

"మరి గుర్రాలు?" అన్నాడు చివర్లో, చిన్నగా.

"వలలున్నాయి. తెల్లవే."

అల వచ్చి కాళ్ళు తడిపాక దిగారు.

దిగాక, తను రావడంలేదని చెప్పింది. తమ్ముడు బతిమాలాడు, అలిగాడు, పొద్దున బస్సు దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుని ఎలా బతుకుతావక్కా అన్నాడు.

"ఇన్నేళ్ళూ నువ్వు చెప్పినవి చెప్పి బతికాను. ఇకమీదట చూసినవి చెప్పి బతుకుతా."

ఆ వారమే పడవెక్కి కోటకి వెళ్ళింది. తర్వాత సుంకం ఆఫీసు, గిడ్డంగులు, శ్మశానం, ఒక్కోటీ గోడగోడా తడిమి చూసింది. గైడు బాబాయి మోకాళ్ళు మొరాయించాక ఊరు చూడవచ్చినవాళ్ళని తిప్పే పని ఆమెకే వచ్చింది. నెమ్మదిగా నడుస్తుంది. వచ్చినవాళ్ళూ ఆ నడకకే అలవాటుపడతారు.

చూడని చోటు గురించి ఒక్క ముక్క కూడా చెప్పకూడదని నీడనెక్కిన ఆ సాయంత్రమే అనుకుంది. కొండ అవతలి గుహల గురించి ఎంత పెద్దవాళ్ళు అడిగినా ఇవాళ్టికీ, "నేనింకా వెళ్ళలేదండీ" అనే చెబుతుంది.